దిగివెళ్ళే కట్టడం: భోపాల్ భారత్ భవన్

భోపాల్ నగరంలో శ్యామలా హిల్స్ మీద భారత్ భవన్‌ను వెతుక్కుంటూ వచ్చిన కొత్త సందర్శకుడికి ముందుగా కలిగేది కొంత తికమక. గేటు ఉంటుంది, పేరు ఉంటుంది. భవనం మాత్రం కనిపించదు. ప్రభుత్వం కట్టించిన కళామందిరం అనగానే మనసులో మెదిలే ఎత్తైన స్తంభాలు గాని, గుమ్మటం గాని, విశాలమైన మెట్ల వరుసతో పైకి రమ్మని పిలిచే ముఖద్వారం గాని అక్కడ లేవు. తక్కువ ఎత్తు పిట్టగోడలు, వాటి మధ్య పచ్చిక, అక్కడక్కడ నేలను చీల్చుకొని పైకి లేచిన కాంక్రీటు గొట్టాల వంటి ఆకారాలు, వాటన్నిటికీ ఆవల పెద్ద చెరువు నీళ్ళు. నాలుగు అడుగులు వేసి, కాళ్ళ ముందు మెట్లు కిందికి దిగడం చూసిన తర్వాత గాని తాను నిలుచున్నది భవనం కప్పు దగ్గరేనని అతనికి తెలియదు.

1982 ఫిబ్రవరి 13న అప్పటి ప్రధాని శ్రీమతి ఇందిరాగాంధీ ప్రారంభించిన ఈ కేంద్రంలో అనేక కళలకు చోటు ఉంది. నాటకానికి రంగమండల్, కవిత్వానికి వాగర్థ్, సంగీతానికి అనహద్, చలనచిత్రానికి ఛవి, దృశ్యకళలకు రూపంకర్. మధ్యప్రదేశ్ ప్రభుత్వ అధికారి, హిందీ కవి అశోక్ వాజపేయి ఈ సంస్థ రూపకల్పనలో ప్రధాన పాత్ర వహించారు. కన్నడ దేశం నుంచి వచ్చిన బి.వి. కారంత్ రంగమండల్‌ను నడిపారు. సిమ్లాలో పుట్టిన తమిళుడు జె. స్వామినాథన్ రూపంకర్‌కు తొలి సంచాలకులు. భవనాన్ని రూపొందించిన వాస్తుశిల్పి చార్లెస్ కొరియా గోవా మూలాలున్న కుటుంబంలో 1930లో సికింద్రాబాద్‌లో జన్మించారు. హిందీ ప్రాంతం నడిబొడ్డున నిలిచిన సంస్థకు దేశం నలుమూలల నుంచి వచ్చిన వారు ప్రాణం పోశారు గనుక భారత్ భవన్ అన్న పేరు సార్థకమైనదే. అయితే ఆ పేరుకు మరింత కఠినమైన పరీక్ష ఒకటి రూపంకర్ ప్రదర్శనశాలల్లో ఉంది. భారతదేశపు సమకాలీన కళ అంటే ఎవరి కళ అన్నదే ఆ పరీక్ష. ఈ ప్రశ్నకు కట్టడం ఒక సమాధానం చెబుతుంది, అందులోని సేకరణ ఒకటి చెబుతుంది. ఆ రెండూ ఎంతవరకు ఒకటేనన్నది విమర్శకుడు తేల్చవలసిన విషయం.

మొదట కట్టడం సంగతి. కొండ వాలు చెరువు వైపు మెల్లగా దిగుతూ ఉంటుంది. కొరియా ఆ వాలును చదును చేయలేదు, దాని మీద భవనాన్ని నిలబెట్టనూ లేదు. వాలునే అంచెలంచెల టెర్రస్‌లుగా మలిచి, వాటి మధ్య నేలమట్టానికి దిగువగా చతురస్రపు ముంగిళ్ళు తవ్వి, ప్రదర్శనశాలలను, నాటకశాలను, గ్రంథాలయాలను ఆ ముంగిళ్ళ చుట్టూ అమర్చారు. పై నుంచి వచ్చినవారికి రెండు దారులున్నాయి. టెర్రస్ తోటల మీదుగా చెరువు వైపు నడిచిపోవచ్చు. లేదా మెట్లు దిగి ఒక ముంగిట్లోకి చేరి, అక్కడి నుంచి గదుల్లోకి వెళ్ళవచ్చు. ఏ దారినైనా నడక దిగువకే. తెలుగు పాఠకులకు ఇది కొంత మండువా లోగిలిని, మరికొంత కోనేటి మెట్లను జ్ఞాపకం చేస్తుంది. చుట్టూ గదులుండి నడుమ ఆకాశం కనిపించే ఇల్లు ఒకటి, నీటి కోసం మనిషి వంగి దిగే మెట్లు మరొకటి. రెండూ ఈ దేశంలో ఏనాటి నుంచో ఉన్నవే. భారత్ భవన్ వాటి ఆకారాన్ని అనుకరించలేదు. వాటిలో ఒంటికి అలవాటైన కదలికను మాత్రం తీసుకొంది.

ఈ ఎంపికలో వాతావరణానికి పెద్ద భాగమే ఉంది. పైన కప్పులేని ఆవరణను గది అంత ముఖ్యంగా చూడాలని కొరియా తన రచనల్లో పదేపదే వాదించారు. వేడి దేశంలో ఉదయం, సాయంత్రం మనిషి బ్రతికేది ఎక్కువగా ఆరుబయటనే కనుక, ఆ ఆరుబయలును కూడా వాస్తుశిల్పి కట్టవలసిందేనని ఆయన అభిప్రాయం. సబర్మతిలో 1963లో పూర్తయిన గాంధీ స్మారక సంగ్రహాలయంలో పెంకుల కప్పులు, తెరచిన వసారాలు, నీటి ముంగిలి ద్వారా ఆయన చెప్పినదీ అదే. భోపాల్‌లో ఆ ఆలోచన నేలలోకి దిగింది. మూడు వైపుల మట్టి ఆనుకొన్న గదికి ఎండ తాకిడి తక్కువ. ముంగిటి వైపు తలుపులు రెండు వరుసలుగా ఉంటాయి. లోపలి వరుసలో కొంత గాజు, కొంత తెరచుకొనే పలక. వెలుపలి వరుసలో రాత్రి కాపలా కోసం మూసే పెద్ద చెక్క తలుపులు. పగలు గాలి వెలుతురులు వస్తాయి, రాత్రి భవనం గట్టిగా కళ్ళు మూసుకొంటుంది.

నేలలోపలి గదికి వెలుతురెలా అన్న ప్రశ్నకు జవాబు, పైన కనిపించి తికమకపెట్టిన కాంక్రీటు గొట్టాలే. ఫిరంగుల్లా ఆకాశం వైపు నోరు తెరచిన అవి, టెర్రస్ పిట్టగోడల వెంట వదిలిన సన్నని సందులు, పగటి వెలుగును లోపలికి దించుతాయి. ఆ వెలుగు నేరుగా బొమ్మ మీద పడదు. కాంక్రీటుకు తగిలి మెత్తబడి గోడల మీదుగా జారుతుంది. మధ్యాహ్నపు మబ్బు కమ్మితే గది కూడా మసకబారుతుంది. అన్ని వేళలా ఒకే వెలుతురుండే ప్రదర్శనశాలలకు అలవాటుపడిన కన్ను ఇక్కడ కొంత ఓపిక పట్టాలి. కాని మట్టిగోడ మీద, వసారా నీడలో, దీపపు వెలుగులో పుట్టిన బొమ్మల సంప్రదాయాలకు ఈ మారే వెలుగు పరాయిది కాదు.

ఆధునిక మ్యూజియం భవనానికీ, అందులోని కళకూ మధ్య తగవు పాతదే. న్యూయార్క్‌లో ఫ్రాంక్ లాయిడ్ రైట్ రూపొందించిన గుగ్గెన్‌హైమ్ మ్యూజియం 1959లో తెరుచుకోకముందే, 1956లో, 21 మంది చిత్రకారులు దానికి వ్యతిరేకంగా లేఖ రాశారు. వంగిన గోడ, వాలిన నేల బొమ్మలను వంకరగా చూపుతాయన్నది వారి అభ్యంతరం. అక్కడ కూడా సందర్శకుడు లిఫ్టులో పైకి వెళ్ళి, చుట్టలు తిరిగే దారి వెంట కిందికే దిగుతాడు. కాని అతని చూపును చివరికి భవనమే లాక్కొంటుంది. 1997లో స్పెయిన్ దేశపు బిల్బావోలో ఫ్రాంక్ గెహ్రీ టైటానియం రేకులతో కప్పిన గుగ్గెన్‌హైమ్ వెలసిన తర్వాత, ప్రపంచంలో ఎన్నో నగరాలు తమకూ అటువంటి మెరిసే కట్టడం కావాలని ఆశపడ్డాయి. లోపల ఏముంచాలన్నది చాలాచోట్ల తర్వాతి ప్రశ్న అయింది. మన దేశంలోనే అహ్మదాబాద్‌లో లె కొర్బూజియే రూపొందించిన సంస్కార్ కేంద్ర స్తంభాల మీద నేలను విడిచి పైకి లేచి నిలిచింది.

ఈ వరుసలో పెట్టి చూస్తే భారత్ భవన్ విశిష్టత స్పష్టమవుతుంది. ఫోటో తీసుకోవడానికి దీనికి ముఖం లేదు. ఒక్క చూపులో అందేది కాదు. నడిస్తే గాని తెలియదు. అంతమాత్రాన ఇది వినయం ఒక్కటే అనుకోవడం పొరపాటు. ఆకాశం కింద అంత బలంగా నిలిచిన కాంక్రీటు ఫిరంగులు కట్టిన మనిషి ఆత్మవిశ్వాసానికి గుర్తులే. కాని తన ఆత్మవిశ్వాసాన్ని ఆయన సందర్శకుడి తల మీద మోపలేదు. న్యూఢిల్లీలో 1954లో జాతీయ ఆధునిక కళా ప్రదర్శనశాల ప్రారంభమైనది జైపూర్ మహారాజు నివాస భవనంలో. రాజభవనం మెట్లెక్కి ఆధునిక కళను చూడడం ఒక అనుభవం. కొండ వాలున గడ్డి మీద నడిచి దాన్ని చేరడం మరొకటి. మొదటిదానిలో సామాన్యుడు అతిథి. రెండవదానిలో అతడు తన ఊరి వాలునే నడుస్తున్నాడు.

కట్టడం చెప్పిన ఈ మాటకు సరితూగే మాటను సేకరణలో చెప్పడానికి పూనుకొన్నవారు స్వామినాథన్. 1960ల ఆరంభంలో గ్రూప్ 1890 పేరుతో కొందరు చిత్రకారులను కూడగట్టిన ఆయనకు, పాశ్చాత్య శైలుల వెంట పరుగెత్తే ఆధునికత మీద గాని, పునరుజ్జీవనం పేరిట పాత కథల బొమ్మలు వేసే భావుకత మీద గాని నమ్మకం లేదు. రూపంకర్ బాధ్యత తీసుకోగానే ఆయన కళావిద్యార్థుల బృందాలను మధ్యప్రదేశ్ పల్లెలకు, అడవి గూడేలకు పంపించారు. వారు చిత్రాలను, మట్టి బొమ్మలను, కొయ్య, లోహ శిల్పాలను సేకరించడమే గాక, వాటిని చేసే మనుషులను కూడా కలిశారు. ఆ అన్వేషణ ఫలితాలు 1987లో వెలువడిన ‘ద పర్సీవింగ్ ఫింగర్స్’ గ్రంథంలో కనిపిస్తాయి. స్వామినాథన్ వాదం సులభంగానే చెప్పవచ్చు: ఆదివాసీ మనతో పాటు ఈ కాలంలోనే జీవిస్తున్నాడు, అతడు ఈ రోజు చేసిన బొమ్మ ఈ రోజుటి బొమ్మే, కనుక అది సమకాలీన కళ. దాన్ని గడచిన యుగపు శేషంగా, మానవశాస్త్ర ఆధారంగా చూడడం చూసేవాడి అలవాటే గాని బొమ్మ స్వభావం కాదు.

ఈ వాదానికి ఎంత దూరం ప్రయాణించే శక్తి ఉన్నదో జన్‌గఢ్ సింగ్ శ్యామ్ జీవితం చూపింది. నాటి మండ్లా జిల్లాలోని పాటన్‌గఢ్ గ్రామంలో ఇంటి గోడ మీద అతడు వేసిన బొమ్మ అన్వేషక బృందం కంట పడింది. స్వామినాథన్ పిలుపుతో అతడు భోపాల్ వచ్చి, భారత్ భవన్‌లోనే ముద్రణ చిత్రకళా విభాగంలో పనిచేస్తూ, కాగితం మీద, కాన్వాసు మీద తన దేవతలను చిత్రించాడు. అతడు పర్ధాన్, గోండుల వంశగాథలను పాడి, వాద్యం మీటి బడాదేవ్‌ను మేలుకొలిపే కులం. అదే సంప్రదాయానికి చెందిన పర్ధానులు ఆదిలాబాద్ అడవుల్లోనూ కింగ్రి మీటుతూ గోండుల కథలు గానం చేస్తారు కనుక తెలుగువారికి ఈ నేపథ్యం బొత్తిగా తెలియనిది కాదు. పాటలో వినిపించిన దేవతలకు జన్‌గఢ్ రూపం కల్పించాడు. ఒంటి మీది పచ్చబొట్లను తలపించే చుక్కల వరుసలతో జింకలు, పక్షులు, చెట్లు, దేవుళ్ళు ఒకే అల్లికగా పెరిగాయి. ఇది వారసత్వంగా వచ్చిన శైలి కాదు, ఒక వ్యక్తి కనుగొన్నది. అందుకే దానికి ‘జన్‌గఢ్ కలం’ అన్న పేరు వచ్చింది. 1989లో పారిస్‌లోని పాంపిదూ కేంద్రం ఏర్పాటు చేసిన ‘మెజీషియాఁ ద లా తేర్’ ప్రదర్శనలో అతని చిత్రాలు ప్రపంచ కళాకారుల సరసన నిలిచాయి.

రెండవ ఉదాహరణ భవనంతో మరింత దగ్గర సంబంధం ఉన్నది. ఝాబువా జిల్లా పిటోల్ గ్రామానికి చెందిన భీలు మహిళ భూరీ బాయి ఈ భవనం కడుతున్న రోజుల్లో అక్కడ కూలి పని చేసేది. ఊళ్ళో ఇంటి గోడల మీద వేసే బొమ్మలను కాగితం మీద వేయమని స్వామినాథన్ ఆమెను అడిగారు. మట్టి మోసిన చేయి కుంచె పట్టింది. ఆ బొమ్మలే తర్వాత ఆమెకు వృత్తి, పేరు, 2021లో పద్మశ్రీ తెచ్చిపెట్టాయి. దేశంలో కట్టిన ప్రతి గొప్ప భవనం వెనుకా పేరు తెలియని కూలీలున్నారు. వారిలో ఒకరు ఆ భవనం ప్రదర్శించే కళకే కర్త కావడం అరుదైన ఘటన. కిందికి దిగే ఆ మెట్లకు ఇంతకన్నా మంచి వ్యాఖ్య దొరకదు.

అయినా విమర్శ ఇక్కడితో ఆగితే అది ప్రశంసాపత్రమే అవుతుంది. రూపంకర్‌లో నగర చిత్రకారుల కళకొక విభాగం, జానపద, ఆదివాసీ కళకొక విభాగం ఉన్నాయి. ఒకే సంస్థ, ఒకే కప్పు, ఒకే గౌరవం. కాని తలుపులు వేరు. రెండూ సమకాలీనమే అయినప్పుడు విభజన దేనికన్న ప్రశ్న రాక తప్పదు. దీనికి సమర్థన లేకపోలేదు. రెండు ధోరణుల బొమ్మలను కలిపి వేలాడదీస్తే, ఏదో ఒకటి రెండవదానికి వివరణగా మారే ప్రమాదం ఉంది. నగర చిత్రకారుడి కాన్వాసు పక్కన గోండు చిత్రాన్ని పెట్టిన చాలా ప్రదర్శనల్లో గోండు చిత్రం అతని స్ఫూర్తికి మూలంగా మిగిలిపోతుంది, కర్తగా నిలవదు. విడిగా ఉంచడం వల్ల ఆ బొమ్మ తన కాళ్ళ మీద తాను నిలుస్తుంది. ఒక గదిలో నుంచి ముంగిట్లోకి వచ్చి, ఆకాశం చూసి, కన్ను తేలిక చేసుకొని మరో గదిలోకి వెళ్ళే సందర్శకుడికి ఆ ముంగిలి గోడలా అనిపించదు. రెండింటికీ సమాన దూరంలో ఉన్న చావడిలా అనిపిస్తుంది.

కాని ఈ సమర్థన జన్‌గఢ్ దగ్గరకు వచ్చేసరికి తడబడుతుంది. భోపాల్ నగరంలో నివసిస్తూ, ముద్రణ యంత్రం మీద పనిచేస్తూ, దుకాణంలో కొన్న రంగులతో, తన సంప్రదాయంలో లేని శైలిని సృష్టించిన మనిషి బొమ్మ ఏ గదిది? అతన్ని ఆదివాసీ విభాగంలోకి పంపేది బొమ్మ లక్షణమా, పుట్టిన కులమా? నగర చిత్రకారులను ఎవరూ కులం పేరుతో విభజించి గోడకెక్కించరు. ఇది రూపంకర్‌కు మాత్రమే పరిమితమైన లోపం కాదు. ఈ ప్రశ్న అడగడం సాధ్యమయ్యేలా చేసిందే రూపంకర్. తాను లేవనెత్తిన ప్రశ్నకు తన గదుల ఏర్పాటులో పూర్తి సమాధానం చెప్పలేకపోవడం దాని పరిమితి.

స్వామినాథన్ వాదంలోనే మరొక చిక్కు ఉంది. బొమ్మను మానవశాస్త్రపు పట్టు నుంచి విడిపించి కంటికి అప్పగించడం ఆయన ఆశయం. అయితే భీలుల పిఠోరా చిత్రం ఇంటివారి మొక్కుబడి తీర్చడానికి గోడ మీద వెలసేది. గుర్రాల వరుస, దేవతల రాక, పూజారి సమక్షం, రాత్రంతా సాగే పాట, ఇవన్నీ కలిసినదే పిఠోరా. మ్యూజియం గోడ మీద మొక్కు లేదు, రాత్రి లేదు, పాట లేదు. రంగు, గీత, అమరిక మిగులుతాయి. వాటికి విలువ కట్టడం గౌరవమే. కాని మిగిలినదాన్ని వదిలేయడం వల్ల కలిగిన నష్టాన్ని ఆ గౌరవం పూడ్చలేదు. నష్టంతో పాటు లాభమూ ఉన్నది. సంప్రదాయంలో పిఠోరా గుర్రాన్ని చిత్రించే అధికారం ఆడవారికి లేదు. కాగితం మీద ఆ ఆంక్షకు పట్టు సడలింది. భూరీ బాయి వంటివారు తమ గ్రామాన్ని, చెట్లను, పశువులను తమ దృష్టితో చిత్రించగలిగారు.

ఈ చర్చకు శ్యామలా హిల్స్ కొండే ఒక చిత్రమైన సాక్ష్యం చెబుతుంది. భారత్ భవన్‌కు కొద్ది దూరంలో ఇందిరాగాంధీ రాష్ట్రీయ మానవ సంగ్రహాలయం ఉంది. అక్కడ వివిధ ఆదివాసీ సమాజాల ఇళ్ళు ఆరుబయట నిలిచి ఉన్నాయి. ఆ కొండ మీదే 2013లో, వాస్తుశిల్పి రేవతి కామత్ రూపకల్పనలో, మధ్యప్రదేశ్ ట్రైబల్ మ్యూజియం ప్రారంభమైంది. ఒకచోట ఆదివాసీ మానవజాతి చరిత్రలో భాగం. మరొకచోట రాష్ట్రపు జనజీవితంలో భాగం. భారత్ భవన్‌లో కళాకారుడు. మూడు దృష్టులకూ మూడు ప్రయోజనాలున్నాయి. భూరీ బాయి తన జీవితకథను సుదీర్ఘమైన కుడ్యచిత్రంగా వేసినది మాత్రం ట్రైబల్ మ్యూజియం గోడ మీద. భారత్ భవన్ ఇచ్చిన మాట ఫలించిన కథ, భారత్ భవన్ బయట, ‘ట్రైబల్’ అన్న పేరున్న చోట నమోదైంది. ఒక పేరు నుంచి మరో పేరుకు దారి అంత సులభం కాదని చెప్పడానికి ఈ ఒక్క గోడ చాలు.

2001 జూలైలో జన్‌గఢ్ సింగ్ శ్యామ్ జపాన్‌లో మరణించాడు. అక్కడి మిథిలా మ్యూజియం ఆహ్వానం మీద బొమ్మలు వేయడానికి వెళ్ళి, ఇంటికి దూరంగా, సుమారు నలభై ఏళ్ళ ప్రాయంలో కన్నుమూశాడు. ఒక మ్యూజియంలో మొదలైన ప్రస్థానం మరొక మ్యూజియంలో ముగిసింది. బొమ్మకు స్థానం ఇవ్వడంతో బొమ్మ వేసినవాడికి స్థానం ఇచ్చినట్లు కాదన్న ఎరుక ఆ మరణం తర్వాత భారతీయ కళాలోకాన్ని వదలలేదు. కళాకారుడి ఒప్పందం, పారితోషికం, ప్రయాణం, భాష తెలియని చోట అతని బాగోగులు కూడా సమకాలీనత అన్న మాటలోని అర్థాలే. నగర చిత్రకారుడు వీటిని తానే అడిగి తీసుకోగలడు. అడగడం అలవాటు లేనివారి తరఫున ముందుగా అడగవలసిన బాధ్యత వారిని గోడల నుంచి గ్యాలరీలోకి పిలిచిన సంస్థలది. జన్‌గఢ్ వెనుక అతని బంధువులు, గ్రామస్థులు ఎందరో చిత్రకారులయ్యారు. 2018లో భజ్జూ శ్యామ్‌కు, 2022లో దుర్గాబాయి వ్యామ్‌కు పద్మశ్రీలు లభించాయి. కలం బ్రతికింది, ఆ బాధ్యత ఇంకా మిగిలే ఉంది.

స్వామినాథన్ 1994లో, కొరియా 2015లో కన్నుమూశారు. రాష్ట్రాలు, నగరాలు కొత్త కళాభవనాలను తలపెట్టినప్పుడల్లా మొదట బయటి రూపం నమూనా బల్ల మీదికి వస్తుంది. భోపాల్ అనుభవం అధికారులకూ, కళాభిమానులకూ గుర్తుచేసేది ఆ క్రమాన్ని మార్చుకోమని. లోపల ఎవరి బొమ్మ ఉండాలి, ఏ పేరుతో ఉండాలి, వేసినవారికి ఏమి దక్కాలి అన్నవి తేలిన తర్వాత రూపం దానంతట అది నేల వాలును వెతుక్కొంటుంది. భారత్ భవన్‌లో వాస్తుశిల్పి, చిత్రకారుడు ఒకరి ఆలోచన పక్కన ఒకరి ఆలోచన నడిపారు గనుకనే దాని మెట్లకు అర్థం ఏర్పడింది.

సాయంత్రం అయ్యేసరికి చెరువు మీది గాలి టెర్రస్‌ల మీదికి వస్తుంది. భోజ రాజు పేరు చెప్పుకొనే ఆ నీటి మీద వెలుగు తగ్గుతుంటే, ఫిరంగి గొట్టాల కింద గదుల్లో బొమ్మలూ నెమ్మదిగా నీడలోకి వెళ్తాయి. పెద్ద చెక్క తలుపులు మూసే వేళ సందర్శకుడు తిరిగి పైకి ఎక్కాలి. దిగేటప్పుడు గమనించని మెట్లు అప్పుడు కాళ్ళకు తెలుస్తాయి. ఆ మెట్ల పనిలో ఏ రాయిని ఎవరు మోశారో ఎక్కడా రాసి లేదు. మోసినవారిలో ఒక్కరి పేరు మాత్రం దేశానికి తెలుసు.